వాగు గట్టున రెల్లు

రెల్లుగడ్డిని నాటి, నీళ్ళు పోసి పెంచిన మనిషిని ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు. చేలోకి వస్తే దాన్ని పీకలేక రైతు ఏడుస్తాడు. వాగులో ఇసుక మీద తనంతట తానే మొలుస్తుంది, వానలు వెనకపట్టాక తెల్లగా పూస్తుంది, ఎండాక ఎవడో గీసిన అగ్గిపుల్లకు తగలబడుతుంది, మొదటి వానకు మళ్ళీ లేస్తుంది. అలాంటి గడ్డికి ఎండాకాలమంతా బిందెతో నీళ్ళు మోసిన తారిని చూసి నర్సింహులపేట దారిన పోయేవాళ్ళు నవ్వుకున్నారు. ఒక పెద్దమనిషి బండి ఆపి మరీ అడిగాడు.

"ఏందే తారీ, రెల్లుకు నీళ్లు వోస్తున్నవ్? రేపు పల్లేరుకు పందిరేస్తవా ఏంది?"

ఆమె బిందె వంచి నీళ్ళు పోస్తూనే ఉంది. తండాకు తెలిసిన సంగతి దారిన పోయే ప్రతివాడికీ చెప్పుకోవాలని ఎక్కడుంది?

ఆ తండాలో పెండ్లయినవాళ్ళు పోతే కాలుస్తారు. పెండ్లి కానివాళ్ళు పోతే పూడుస్తారు. పూడ్చేది ఈ వాగు గట్టునే. మట్టి మెత్తన, తవ్వడం సులువు. ఆ మెత్తదనంతోనే చిక్కు వచ్చింది. ప్రతి వానాకాలం వాగు కొంత గట్టును తినేస్తుంది. నిరుడు ఒక పసిపిల్ల ఎముకలు కిందికి జారితే కుక్కలు ఈడ్చుకుపోయాయి. తండా ఆడవాళ్ళు రాళ్ళు విసురుతూ వెంటపడ్డారు గానీ అన్నీ దొరకలేదు. ఆ నెల తిరక్కుండానే తారి తన కొడుకు హరిలాల్‌ను అదే గట్టున పూడ్చాల్సి వచ్చింది. పెండ్లి మాటలు అప్పుడప్పుడే మొదలైన పిల్లవాడు.

ఆ వానల్లోనే ఆమె వాగు అవతలి ఒడ్డు నుంచి రెల్లు కుదుళ్ళు తవ్వి తెచ్చింది. ముదురు కుదురు నడుమ గడ్డి చచ్చి బోలుగా ఉంటుంది, అది పనికిరాదు. అంచున ఉన్న లేత పిలకలను వేళ్ళతో సహా గొడ్డలితో చీల్చి, ఆకును సగానికి కోసి, గట్టు వాలుకు అడ్డంగా నాటింది. కొడుకు మీద మొదలుపెట్టింది. ఆపబుద్ధి కాలేదు. పక్కనున్న పసివాళ్ళ గోతుల మీదుగా గట్టు పొడుగునా నాటుకుంటూ పోయింది. మేకలు లేత ఆకు కొరక్కుండా తుమ్మకంప పరిచింది. మాఘంలో ఎవడూ అగ్గి పెట్టకముందే ఎండుగడ్డిని మొదలంటా కోసి, కోసిన గడ్డిని మళ్ళీ వేళ్ళ మీదే కప్పింది. ఈ ఏడు వానలకు గట్టు పిడికెడు మట్టి కూడా జారలేదు. దసరా నాటికి రెల్లు మొదటిసారి పూసింది.

ఆ రోజుల్లో తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు. బడికి తాళం పడింది, పంతుళ్ళు మండలాఫీసు ముందు టెంటు కింద కూర్చుని నినాదాలిస్తున్నారు. భూపాలపల్లిలో బొగ్గుబాయిలు ఆగి, చెల్పూరు ప్లాంటులో కరెంటు తగ్గిందని చెప్పుకుంటున్నారు. తండాకు వచ్చే కరెంటు ఎప్పుడూ అంతంతమాత్రమే కనుక వాళ్ళకు పెద్ద తేడా తెలియలేదు. తారి పొద్దుటే గట్టుకు వచ్చి, చేతులకు పాత గుడ్డ చుట్టుకుని కుదుళ్ళలో ఎండాకులు దువ్వి తీస్తోంది. రెల్లు ఆకు అంచు కత్తిలా కోస్తుంది. గుడ్డ చుట్టినా మణికట్ల మీద ఎర్రటి గీతలు పడుతూనే ఉన్నాయి. గాలికి ఒరిగిన కుదుళ్ళ నడుముకు రెల్లాకునే తాడుగా పేని కడుతోంది. అప్పుడు వచ్చింది జగపతి పటేలు జీపు.

జగపతికి గ్రానైటు క్వారీ ఉంది, నూరెకరాల పొలం ఉంది. రెండేళ్ళుగా మెడలో ఉద్యమం కండువా కూడా ఉంది. మండలంలో బంద్ అన్నా, ధర్నా అన్నా ముందు నడిచేది ఆయనే. ఆయన వెనకే జీపు దిగినవాడు సక్రు. తారికి మరిది, క్వారీలో మేస్త్రీ. వదినను చూసి తల వంచుకుని చెప్పుతో మట్టి గీకుతూ నిలబడ్డాడు.

"తారీ, గిట్ల ఒక్కదానివే ఎన్ని దినాలు కూసుంటవ్?" అన్నాడు జగపతి. చెప్పులు విప్పి, గడ్డికి ఇవతలే ఆగి దండం పెట్టాడు. "నీ కొడుక్కి జెయ్యాల్సిన మర్యాద మేం జెయ్యలే. తప్పు మాదే. ఎల్లుండి ఈడ హరిలాల్ పేరు మీద సమాధి గడుతున్నం. మంచి నల్లరాయి, మన క్వారీదే. వరంగల్ నుంచి స్టూడెంట్లు వస్తున్నరు. పై నుంచి నాయకులు వస్తరు."

"ఈడ గడ్డి ఉన్నది పటేలా."

"గడ్డేం గడ్డి! జేసీబీకి రెండు బుక్కలు గాదు. సాపు జేస్తం."

తారి చేతులకు చుట్టిన గుడ్డ విప్పుకుంది. "వాని మీద రాయి పెడితె ఏమొస్తది? వాగు తింటున్న గట్టు ఇది. వేళ్లు పోతె మట్టి నిలవది. నా పిల్లగాడు గూడ పోతడు."

"సిమెంటు కడుదం తియ్యి. గది గాదు నేను చెప్పొచ్చింది." ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు మైకు ముంగట ఒక్క మాట అనాలె. నా కొడుకు తెలంగాణ కోసం పోయిండు, బంద్ నాడు లాఠీ దెబ్బలకు పోయిండు అని. కన్నతల్లి నోటెంట వస్తె ఇగ ఎవ్వడు నోరు తెర్వడు."

"వాడు మీ క్వారీల పోయిండు గద."

గాలికి రెల్లు ఊగుతోంది. సక్రు గీకడం ఆపేశాడు.

"బంద్ అని మీరే చెప్తిరి," అంది తారి. ఆమె గొంతు పెంచలేదు. "దుకాణాలు మీరే మూయిస్తిరి. గేటుకు తాళమేసి లోపట మిషిన్లు మీరే నడిపిస్తిరి. అందరు రోడ్డు మీదుంటె వాడు బండ కింద ఉండె. దవాఖానకు తీస్కపోదామంటె, బంద్ నాడు క్వారీ నడిచిందని బయటపడ్తదని సీకటి పడేదాంక ట్రాక్టర్ తియ్యనియ్యకపోతిరి."

ఊళ్ళో అందరూ హరిలాల్ బంద్‌లోనే పోయాడనుకున్నారు. జగపతి అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. ఊరు అనుకుంటుంటే ఊరుకున్నాడు. ఇప్పుడు ఎన్నికల టిక్కెట్టు మాట వచ్చింది, అవతలివాళ్ళు క్వారీ సంగతి తవ్వుతున్నారు. అందుకే ఏడాదిగా గుర్తురాని హరిలాల్ ఇప్పుడు గుర్తొచ్చాడు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు పెద్దలు.

ఆయనకు కోపం రాలేదు, లేదా వచ్చినా కనబడనివ్వలేదు. చెప్పులు వేసుకున్నాడు. "ఎట్ల పోతె ఏంది తారీ, పోయిండు. గిప్పుడు వాని పేరు నిలబడ్తదా, వాగుల కలుస్తదా, గది నీ చేతుల ఉన్నది. సక్రు, మీ వదినకు జర సమజ్ చెయ్యి," అని జీపెక్కాడు.

సాయంత్రం సక్రు జొన్నరొట్టె, మిరపకారం తెచ్చి ఆమె గుడిసె ముందు కూర్చున్నాడు. వాళ్ళు మాట్లాడుకున్నది తమ ఇంటి భాషలో. ఇక్కడ రాసింది దాని తెలుగు.

"తిను వదినా."

"నువ్వు మోసినవ్ వాన్ని," అంది తారి రొట్టె ముట్టకుండా. "తలకాయ నీ ఒళ్లె పెట్టుకోని కూసున్నవ్. వాడు నీళ్లు అడిగిండని నువ్వే చెప్పినవ్ నాకు."

"చెప్పిన. కాదన్ననా?"

"మరి ఆ మైకు కాడ నువ్వు చెప్పు, వాడు యాడ పోయిండో."

సక్రు రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "నేను చెప్తె ఏమైతదో నాకెరుకే. గా తెల్లారి క్వారీల నాకు, మనోళ్ల ఎవ్వరికి పనుండది. గంతే గాదు వదినా. తెలంగాణ వస్తె తండా పంచాయితీ అయితది. మనోడే సర్పంచ్ అయితడు. రేషన్ కార్డుకు, చావు కాగితానికి పటేండ్ల అరుగు కాడ నిలవడే పని తప్పుతది. గీ కొట్లాట జగపతిది గాదు, మనది. గిప్పుడు క్వారీ ముచ్చట బయట పెడితె ఇజ్జత్ పోయేది జగపతిది ఒక్కనిదే గాదు. టెంట్ల కూసున్న అందరిది పోతది."

ఆ మాటలో అబద్ధం లేదు. తారి కూడా రోడ్డు మీద వంటావార్పుకు పోయి పిండి పిసికింది, జై తెలంగాణ అని అరిచింది. ఆ అరుపు మనసులోంచే వచ్చింది. అందుకే సక్రు మీద ఆమెకు అంత అసహ్యం వేసింది. దొంగైతే తిట్టి పంపేది. వీడు నమ్మి మాట్లాడుతున్నాడు. పైగా కొడుకు పోయినప్పటి నుంచి పొద్దుగూకితే ఆమె పక్కన వచ్చి కూర్చునేది ఈ ఒక్క మనిషే.

"నా నోటెంట ఆ మాట రాది," అంది.

"సమాధి?"

ఆమె గట్టు వైపు తిరిగింది. సక్రు రొట్టె ఆమె చేతిలో పెట్టి లేచిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఒక అమ్మాయి వాగు దారిన నడుచుకుంటూ వచ్చింది. బస్సుల్లేవు కనుక మహబూబాబాద్ నుంచి ఎవరెవరి బండ్ల మీదో ఎక్కి దిగి వచ్చిందట. చెప్పులకు బురద, భుజాన డప్పు. పేరు సింధు. వరంగల్‌లో చదువుకుంటోంది, ధూంధాం సభల్లో పాడుతుంది. హరిలాల్ మీద పాట కట్టాలని ఒకరోజు ముందే వచ్చింది.

"అవ్వా, నేను నీకు అడ్డం రాను. నువ్వు పని చేస్కుంట చెప్పు, నేను ఇంట," అని గట్టు మీద చతికిలబడింది. అంతలోనే ఊరుకోలేక తనూ ఒక కుదురులో చెయ్యి పెట్టి ఎండాకు లాగబోయి వేళ్ళు కోసుకుంది. తారి తన చేతి గుడ్డ సగం చింపి ఆ వేళ్ళకు కట్టింది.

"గట్ల మీదికెల్లి గుంజద్దు బిడ్డా. మొదట్ల పట్టి కిందికి వొంచాలె. పచ్చిది రాది, ఎండింది అదే చేతిలకొస్తది."

ఇద్దరూ కాసేపు అలా తీశారు. సింధు ఒక్కొక్కటే అడిగింది. హరిలాల్ ఏం తినేవాడు, ఎవరితో తిరిగేవాడు, పాటలు పాడేవాడా. తారి చెప్పింది. పాటలు రావు, ఈల వేసేవాడు. చేపల పిచ్చి. పెండ్లి అంటే సిగ్గుపడి బావి దగ్గరికి పోయేవాడు. చెబుతుంటే ఆమెకు హాయిగా అనిపించింది. ఏడాదిలో ఎవరూ ఈ ప్రశ్నలు అడగలేదు.

"మా క్లాసు పిల్లగాడు ఒకడు తెలంగాణ రాదేమోనని పురుగులమందు తాగి పోయిండు అవ్వా," అంది సింధు ఉన్నట్టుండి. "నేను వానితోని ముందటి రోజు కొట్లాడిన, నోట్సు ఇయ్యలేదని. గందుకే నేను అందరి ఇండ్లకు పోతున్న. ఒక్కరి పేరు గూడ ఇడిసి పెట్టొద్దని." కోసుకున్న చేతితోనే కళ్ళు తుడుచుకుంది. "హరిలాలన్నను పోలీసోళ్లు యాడ కొట్టిన్రు అవ్వా?"

నిజం తారి నోటిదాకా వచ్చింది. క్వారీ, గేటు తాళం, ట్రాక్టరు, అన్నీ. ఈ పిల్ల నమ్ముతుంది, నమ్మి ఊరుకోదు, రేపు మైకులో అరుస్తుంది. తర్వాత? ఈ పిల్లనే అబద్ధాలకోరు అంటారు, అవతలి పార్టీ పంపిందంటారు. ఆ చచ్చిపోయిన క్లాసు పిల్లవాడి పేరును కూడా బురదలోకి లాగుతారు.

"నేను చూడలే బిడ్డా," అంది.

"సమాధి ఏది?"

తారి తలెత్తి చూసింది. గట్టు పొడుగునా ఒకటే తెలుపు. మట్టి దిబ్బలు ఏడాదిలో అణిగిపోయాయి. ఏ కుదురు కింద పసిపిల్ల ఉందో, ఏ కుదురు కింద హరిలాల్ ఉన్నాడో బయటి మనిషి తెలుసుకునే దారి లేదు. ఆమెకు అప్పుడు తట్టింది. రాయి ఎక్కడో ఒకచోట పెట్టుకోనీ. గడ్డి దాటాక గట్టు చివర తుమ్మచెట్టు పక్కన కాస్త ఎత్తుగా బోడి నేల ఉంది. దాని కింద ఎవరూ లేరు.

"గదో, గా తుమ్మ కింద," అని చెయ్యి చాపింది.

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. సింధు అక్కడికి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, చిటికెడు మట్టి తీసి నొసటికి అద్దుకుంది. తారి అటు చూడలేక కుదురులోకి తల దూర్చింది.

తెల్లవారాక సక్రు మనుషులతో, ముగ్గుసంచితో వచ్చాడు. తుమ్మచెట్టు కింద సింధు పాతిన జెండా చూశాడు, తర్వాత వదిన వైపు చూశాడు. నిరుడు హరిలాల్‌కు గొయ్యి తవ్వినవాడు అతనే. ఎక్కడ తవ్వాడో అతనికి తెలియదా? అతను నేరుగా పోయి తుమ్మ కిందే ముగ్గు పోశాడు. "ఈన్నే. నాలుగు దిక్కుల తవ్వున్రి," అని కూలీలకు చెప్పాడు. తారికి ఏడుపు వచ్చింది. వాడి మీద రెండు రోజులుగా ఉన్న కోపం అంతా ఆ ఒక్క మాటతో పోయింది.

క్వారీ నుంచి లారీలో రాయి రోడ్డు దాకా వచ్చింది. ఈసారి జగపతి సమ్మెను నిజంగానే పాటిస్తున్నాడు కనుక మిషిన్లన్నీ ఖాళీ. జేసీబీ రాయిని ఎత్తుకుని, వాగులో లోతులేని నీళ్ళ మీదుగా తెచ్చి సిమెంటు దిమ్మె మీద నిలబెట్టింది. నున్నగా పాలిష్ పట్టిన నల్లరాయి. మీద హరిలాల్ పేరు, అమరుడు అన్న మాట, కింద రాయి పెట్టించినవారుగా జగపతి పేరు. రెండు పేర్ల అక్షరాలూ ఒకే సైజు.

పొద్దెక్కేసరికి జనం వచ్చారు. నర్సింహులపేట నుంచి, తండాల నుంచి, దంతాలపల్లి దిక్కు నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. పంతుళ్ళు టెంటు వదిలి వచ్చారు. సింధు డప్పు కొట్టి తన పాట అందుకుంది. ఈలేసేవాడని, చేపలు పట్టేవాడని, పెండ్లంటే సిగ్గుపడేవాడని పాటలో వచ్చింది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "హరిలాల్, అమర్ రహే!" అని వందల గొంతులు ఒక్కసారి లేచాయి.

క్వారీలో వాణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, ఏయ్ లంబాడోడా అనేవారు. ఇప్పుడు చదువుకున్న పిల్లలు, పంతుళ్ళు పిడికిళ్ళెత్తి వాడి పేరు అంటున్నారు. తారికి సంతోషం వేసింది. వేసినందుకు సిగ్గూ వేసింది. ఇది అబద్ధమని తెలిసి కూడా ఇంకొకసారి అంటే బాగుండుననిపించింది. వాళ్ళు ఇంకొకసారి అన్నారు.

జగపతి మైకు తీసుకున్నాడు. సమైక్య పాలకులు తండా బిడ్డల నెత్తురు తాగారన్నాడు. ఆ గొంతు వణకడం చూస్తే ఆ నిమిషానికి ఆయనే నమ్ముతున్నట్టుంది. "ఇంకో గంటల పెద్దలు వస్తున్నరు," అన్నాడు చివర్న. "కార్లు రోడ్డు మీదనే ఆగొద్దు. మా అమరుని కాళ్ల కాడికి రావాలె. గా పిచ్చిగడ్డి సాపు జేసి తొవ్వ జెయ్యున్రి."

దారి సంగతి తారికి తట్టనే లేదు. రోడ్డుకూ తుమ్మచెట్టుకూ నడుమ ఉన్నది రెల్లే. ఒక పక్క వాగు, ఒక పక్క పటేలు వరిపొలం. కార్లు రావాలంటే గట్టు మీదుగానే రావాలి. రాయిని తప్పుడు చోట పెట్టించి కొడుకును కాపాడుకున్నాననుకుంది. ఇప్పుడు దారి సరిగ్గా వాడి మీద పడింది.

ఆమె జనాన్ని తోసుకుంటూ జగపతి దగ్గరికి పోయింది. "పటేలా, గడ్డి తియ్యనియ్యకు. నీ కాల్మొక్త."

ఆయన మైకును చేత్తో మూశాడు. "మళ్ల గడ్డేనా తారీ? సమాధి గడ్డిల లేదు గద. గా పాటల పిల్లకు నువ్వే చూపియ్యకపోతివి?"

ఏం చెప్పాలి? వాడు అక్కడ లేడు, ఇక్కడ ఉన్నాడని చెబితే, ఇంతమంది మొక్కింది ఉత్త నేలకని తేలుతుంది. వాడి పేరు నవ్వులపాలవుతుంది. నవ్వడం అయ్యాక ఇదే జేసీబీ ఇదే రాయిని ఎత్తి తెచ్చి వాడి గుండె మీద పెడుతుంది. వాడు క్వారీలో పోయాడని చెబితే, కొడుకు పోయిన దుఃఖంతో మతి చెడిందంటారు, మిషిన్ మాత్రం ఆగదు.

"ఒక్క మాట అనమన్న. గది గూడ అనవైతివి," అన్నాడు జగపతి మెల్లగా, మైకు మీద చెయ్యి తీయకుండానే.

జేసీబీ గట్టెక్కింది. సక్రు దాని ముందుకు పోయి నిలబడి చేతులూపాడు. డ్రైవర్ తల బయటపెట్టి, పటేలే చెప్పిండు, తప్పుకోమని కసిరాడు. సక్రు ఒక అడుగు జరిగాడు. బకెట్ దిగింది. రోడ్డు అంచున మొదటి కుదురు వేళ్ళతో సహా లేచింది. తెల్లటి వేళ్ళు మూరెడు పొడుగున వేలాడుతూ మట్టి రాలుస్తున్నాయి. పక్కన వాగు వైపు గట్టు పెళ్ళ ఒకటి విరిగి నీళ్ళలో పడింది. దాని తర్వాతి కుదురు కింద ఉన్నది తండాలోని మంగ్లీ అనే ఆమె చంటిబిడ్డ. దాని తర్వాత హరిలాల్.

తారి జగపతి చేతిలోంచి మైకు లాక్కుంది. లాక్కోవడం ఏమిటి, ఆయనే వదిలాడు.

"నా కొడుకు," అంది. గొంతు పెద్దగా తిరిగి వచ్చి ఆమెకే భయం వేసింది. జనం ఒక్కసారి ఇటు తిరిగారు. "నా కొడుకు తెలంగాణ కోసం పోయిండు. బంద్ నాడు పోలీసు దెబ్బలకు పోయిండు."

అరుపులతో వాగు అవతలి ఒడ్డు మోగింది. సింధు డప్పు వదిలేసి ఏడుస్తోంది. జేసీబీ మాత్రం ఆగలేదు, ఆ గోలలో దాని చప్పుడు కూడా వినబడలేదు. తారి మళ్ళీ మైకు నోటికి ఆనించుకుంది.

"గీ గడ్డి నా కొడుకు నాటిండు. గట్టు కొట్టుకపోతదని వాడే తన చేతులతోని నాటిండు. ఇది తీస్తె వాన్ని తీసినట్టే. నేను బతికుండంగ తియ్యనియ్య."

సింధే మొదట పరుగెత్తింది. ఆమె వెనక వరంగల్ పిల్లలు, వాళ్ళ వెనక పంతుళ్ళు, తండా ఆడవాళ్ళు. జేసీబీ చుట్టూ మనుషులు గోడ కట్టారు. ఎవరో డ్రైవర్‌ను కాలర్ పట్టుకుని కిందికి లాగారు. మిషిన్ ఆగిపోయింది. అమరుడు నాటిన గడ్డి, అమరుడు నాటిన గడ్డి అని ఒకరి నుంచి ఒకరికి పాకింది.

జగపతి అందరికంటే ముందు గడ్డి దగ్గరికి నడిచి, చెప్పులు విప్పి, వంగి ఒక కుదురుకు నొసలు ఆనించాడు. ఫోటోలు తీశారు. పెద్దల కార్లు రోడ్డు మీదే ఆగుతాయని ఆయనే ప్రకటించాడు. తర్వాత జనం వరసగా వచ్చి తలా ఒక పూగుత్తి విరుచుకున్నారు. ఇంట్లో దేవుడి పటం పక్కన పెట్టుకుంటామన్నారు. తారి వద్దనలేదు. ఏ ముఖంతో వద్దంటుంది? పొద్దు వాలేసరికి గట్టు మీద ఒక్క పువ్వు లేదు, నిలబడ్డ ఉత్త ఆకు మిగిలింది.

అందరూ పోయాక ఆమె పెళ్ళగించిన కుదురు దగ్గర కూర్చుంది. మిషిన్ పంటికి నలిగిన వేళ్ళను కొడవలితో కోసి తీసేసింది. ఆకును సగానికి కోసింది. బతికే పిలకలను ఏరి పక్కన పెట్టింది. సక్రు వచ్చి ఎదురుగా కూర్చుని, అడగకుండానే పలుగు తీసుకుని గుంత చేయసాగాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం తేటపడి ఉంది. ఏడాదిగా ఆ మొహం అలా లేదు.

"వదినా, నువ్వు ఆ మాట అన్నంక నా మీది బరువు దిగింది," అన్నాడు. "నువ్వే అన్నంక ఇగ నాకేం రంది. నేను గూడ గదే అంట. వాడు దెబ్బలకే పోయిండు. నా ఒళ్లె పోయిన కాడికెల్లి నాకు నిద్ర లేదు. ఇగ నా పిల్లలకు గూడ గదే చెప్త. తండంత గదే అంటం."

తారి చేతిలో పిలక పట్టుకుని అతని వైపు చూసింది. వాడు నీళ్లు అడిగిండని చెప్పిన మనిషి ఇతనే. ఆ మాట గుర్తు చేద్దామనుకుంది. సక్రు అప్పటికే వంగి, శ్రద్ధగా, గుంతలోంచి రాళ్ళు ఏరుతున్నాడు. హరిలాల్ ఎట్లా పోయాడో మాట్లాడుకోవడానికి ఆమెకు ఇక మనిషి లేడు.

ఆమె పిలకను గుంతలో నిలబెట్టి పట్టుకుంది. సక్రు మట్టి తోశాడు. ఇద్దరూ కలిసి మడమలతో చుట్టూ అదిమారు.